మేస్త్రి ముక్కు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొట్టమొదట చచ్చిపోయింది సబ్బు.

ఆ మాట అన్నది మా ఆయన. స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, కొత్త సబ్బు బిళ్లను వంటగది గట్టు మీద నా ముందు పెట్టారు. "దీనికి వాసన లేదు. ఇది శవం" అన్నారు. ఆయన చిన్నప్పుడు ఒకడు ఒళ్లు రుద్దుకుంటే వీధి చివరివాడికి తెలిసేదట. నేను బిళ్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన గుప్పుమంది. అయినా నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను నేర్చిన విద్య ఒక్కటే, ఆయన పాత రోజుల్లోకి బయల్దేరినప్పుడు అడ్డం పడకూడదు. పడితే ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్తారు.

ఆయన సణుగుడు మాకు కొత్త కాదు. పాత ఒక రోత, కొత్త ఒక వింత అని లోకం అంటుంది. మా ఇంట్లో ఆ సామెత తిరగబడింది. ఫోను చేస్తే మనిషి పలకడు, ఏదో యంత్రం ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. "నా పీక నొక్కవే తల్లీ, పనైపోతుంది" అని దానికి జవాబు చెప్పేవారు. కుర్చీలకు చెక్క లేదు, చెప్పులకు తోలు లేదు, పాటలకు రాగం లేదు, చుట్టాలకు తీరిక లేదు. ఇన్ని లేనివాటిలో సబ్బు వాసన కూడా చేరితే ఎవరు పట్టించుకుంటారు? సబ్బు తర్వాత కాఫీ పోయింది. ఆ తర్వాత ఉల్లిపాయ. ఆ తర్వాత పొద్దున్నే వచ్చే పేపరు, ఇదివరకు సిరా వాసన చూసి అది ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పేవాణ్ణని గొప్పలు.

మా తమ్ముడు ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా ఆయన్ని అనుకరించి చూపించేవాడు. మంచినీళ్ల గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, "మా కాలంలో నీళ్లకు కూడా వాసన ఉండేదిరా" అనేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. మా ఆయన కూడా నవ్వేవారు. ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఎండలు ముదరక ముందు ఆయన వారం రోజులు జలుబూ జ్వరంతో మంచాన పడి లేచారు. లేచాకే సబ్బు చచ్చింది. ఈ రెండిటికీ ముడి పెట్టే తెలివి నాకు లేకపోయింది.

మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో యంత్రాల మేస్త్రి. తమ్ముణ్ణి అక్కడ పనిలో పెట్టింది కూడా ఆయనే. వాడితో కలిపి పద్నాలుగు మంది ట్యాంకుల హాల్లో దిమ్మలు తీసి, ఊక చల్లి, లారీలకెక్కిస్తారు. ఆ హాలుకు ఆనుకునే కంప్రెసర్ గది. నీళ్లను గడ్డకట్టించేది అందులోంచి గొట్టాల్లో తిరిగే అమోనియా. గొట్టంలో ఉన్నంతసేపూ అది నౌకరు, బయటికొస్తే యముడు. కళ్లు పోతాయి, ఊపిరితిత్తులు కాలిపోతాయి. చల్లదనం పోకూడదని హాలు పెద్ద తలుపు ఎండాకాలమంతా మూసే ఉంచుతారు. మనిషి వంగి దూరాల్సిన చిన్న తలుపు ఒక్కటే దారి.

అమోనియా ఘాటు అక్కడ రోజూ కొంచెం ఉంటూనే ఉంటుంది. పనివాళ్ల ముక్కులకు అది అలవాటు. ఎంతవరకూ మామూలు, ఎక్కణ్ణుంచి ప్రమాదం అనే గీత మాత్రం మా ఆయన ముక్కులో ఉండేదని అందరి నమ్మకం. ఊరికే వచ్చిన నమ్మకం కాదు. ఇరవై ఏళ్ల కింద ఒకసారి ఎవరికీ ఏమీ తెలియనప్పుడు ఆయన అందరినీ బయటికి తరిమారు. పావుగంటలో గొట్టం పగిలింది. అప్పట్నుంచీ అక్కడ ఒక ఆచారం. పొద్దున్నే ఆయన కంప్రెసర్ గది తలుపు జానెడు తెరిచి, మొహం లోపల పెట్టి, పది లెక్కపెట్టి, "రండి" అనాలి. "మేస్త్రి ముక్కు పెట్టారా?" అని అడగందే ఒక్కడూ లోపల కాలు పెట్టడు. ఎవరైనా కొత్తవాడు ఘాటుగా ఉందండీ అంటే, "అది రోజూ ఉండేదే" అని ఆయన వీపు తట్టేవారు. ఆ మాట ఆ ఫ్యాక్టరీలో అందరికీ నోటికొచ్చు.

ఆ ఎండాకాలమే ఓనరు ఒక అలారం పెట్టె తెచ్చి గోడకు బిగించాడు. గాలిలో అమోనియా పెరిగితే అదే కూస్తుందట. మా ఆయనకు ముక్కు మీద కోపం. ఆ రోజు ఇంటికొచ్చి, "ముప్పై ఏళ్లు ఈ ముక్కుతో కాపాడితే, ఇప్పుడు నా మీద అరచేతంత ప్లాస్టిక్కు పెత్తనమా" అని అన్నం ముందు కూర్చుని కూడా తిట్టారు. ఓనరు తెలివైనవాడు, మంచిచేసుకునే దారి వెతికాడు. ఈ సీజనంతా రెండూ ఉంటాయి, పెట్టె కూసినప్పుడల్లా మేస్త్రి ముక్కు పెడతాడు, ఎవరు గెలిస్తే వాళ్ల మాట చెల్లుతుంది అన్నాడు.

మొదటిసారి కూసింది. మా ఆయన వెళ్లి, పది లెక్కపెట్టి, "అబద్ధం" అన్నారు. చూస్తే నేల కడిగే మందు ఎవడో ఎక్కువ పోశాడు. రెండోసారి కూసింది. "అబద్ధం." పెట్టెలోకి చెమ్మ చేరిందట. మూడోసారి కూతకు కారణమే దొరకలేదు, అయినా ఏమీ కాలేదు, అదీ అబద్ధమే. ఊక తాత గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీశాడు. దిమ్మల మీద ఊక చల్లే ముసలాయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పెట్టెకు "కొత్త కోడలు" అని పేరు పెట్టింది కూడా ఆయనే, అయినదానికీ కానిదానికీ ఏడుస్తుందని. ఆ పేరు నాకు నచ్చలేదు. ఏడ్చే కోడలికి ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది.

మూడో గెలుపు రోజు తమ్ముడు మిఠాయి తెచ్చాడు. "బావ ముక్కు ముందు కంపెనీలు బలాదూర్ అక్కా" అన్నాడు. మా ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, దీనికీ వాసన లేదన్నారు.

నాకు తెలిసింది పాల వల్ల.

పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మాడు వాసన పెరట్లోకి కొట్టింది. పరిగెత్తుకొచ్చాను. గిన్నె అడుగు నల్లగా అయిపోయి పొగలు కక్కుతోంది. పొయ్యికి రెండు బారల దూరంలో, వీపు ఇటు పెట్టి, మా ఆయన పేపరు చదువుకుంటున్నారు. "ఏమే, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడు. కాగుతుంటే ఇదివరకు కమ్మగా ఉండేది" అన్నారు, తల తిప్పకుండానే.

పొయ్యి ఆర్పాను. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. సబ్బు, కాఫీ, ఉల్లిపాయ, సిరా, అన్నీ ఒక్కసారిగా వరస కట్టి నా ముందు నిలబడ్డాయి. వాటిలో ఒక్కటీ చావలేదు. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. కొత్త కోడలు మూడుసార్లు ఏడిస్తే మూడుసార్లూ ఈయనకు వాసన రాలేదు. ఏమీ రాని ముక్కుకు అన్నీ అబద్ధంగానే తోస్తాయి. ముక్కు లేకపోబట్టే మా ఆయన గెలిచారు.

అయినా మనసు ఒప్పుకోదు కదా. మర్నాడు ఆయన ఉతికిన చొక్కా జేబులో నాలుగు కలరా ఉండలు వేసి, గుండీ పెట్టి, తొడుక్కోమని ఇచ్చాను. బీరువా తలుపు తీస్తేనే కళ్లు తిరిగే ఘాటు వాటిది. గుమ్మం దాటేదాకా వెనకే నడిచాను. ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ, ఇవాళ మనుషులకు ఏదో అయిందన్నారు. ఊక తాత ఆయన్ని చూసి, మేస్త్రి గారు బీరువాలోంచి సరాసరి వచ్చేశారా అన్నాడట, అందరూ పగలబడి నవ్వారట, ఎందుకో ఆయనకు అర్థం కాలేదట. చెప్తూనే చొక్కా విప్పబోయి, జేబు ఎత్తుగా తగిలితే లోపల చెయ్యి పెట్టారు.

ఉండలు అరచేతిలోకి వచ్చాయి. తెల్లగా, గుండ్రంగా నాలుగు. వాటిని చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆయన వెళ్లి మంచం అంచున కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జ్వరం తగ్గినప్పట్నుంచి."

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ సణుగుడంతా పరీక్ష అని. కాఫీకి వాసన లేదంటే నేను ఉందంటానో లేదంటానో చూడ్డానికి. నేను అడ్డం పడకుండా ఊరుకున్న ప్రతిసారీ, నిజంగానే లేదేమో, లోకమే చప్పబడిందేమో అని ఆయన ఒక పూట బతికేవారట. నా మౌనం ఆయనకు మందులా పనిచేసింది. ఆ సంగతి విని నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఓనరుకు చెప్పేయమన్నాను. కనీసం తమ్ముడికైనా చెబుదామన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. పెళ్లినాటి తర్వాత అలా పట్టుకోవడం అదే. వానలు పడేదాకా ఆగమన్నారు. వానలతో సీజను అయిపోతుంది, ఆయన రిటైరూ అవుతారు, తలెత్తుకుని ఇంటికొస్తారు. ఇప్పుడు చెబితే మూడు గీతలూ చెరిపేస్తారు, వాటితో పాటు ఇరవై ఏళ్ల కిందటి గీత కూడా పోతుంది. గంధకం పుల్ల ఉందన్నారు. వెలిగించి గొట్టాల అతుకుల దగ్గర పెడితే, కారుతున్న చోట తెల్లటి పొగ లేస్తుందట. రోజూ తెల్లారకముందే వెళ్లి, వాళ్లు వచ్చేలోగా ప్రతి అతుకూ చూస్తానన్నారు. మరీ ఎక్కువైతే ఎలాగూ కళ్లు మండుతాయి, అప్పుడు తెలుస్తుందన్నారు.

"అప్పటికి వంగి ఆ చిన్న తలుపు దాటే టైముంటుందా?" అని అడిగాను.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమన్నారు, వేశాను. నా తోడబుట్టినవాడు ఆ హాల్లో ఉన్నాడని తెలిసే వేశాను.

తర్వాత తొమ్మిది రోజులు. నాలుగున్నరకే లేచి, గంధకం పుల్లలు జేబులో వేసుకుని వెళ్లేవారు. క్యారియర్ కట్టే వేళ ఉండేది కాదు, అందుకని మధ్యాహ్నం నేనే పట్టుకెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ తమ్ముడు దిమ్మలు లాగుతూ కనిపిస్తే ప్రాణం కుదుటపడేది. ఆదివారం వాడు భోజనానికి వచ్చి మళ్లీ నీళ్ల గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి ఎవరం నవ్వలేదు. "ఏంటి, ఇద్దరూ పోట్లాడుకున్నారా?" అన్నాడు. అవును అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆ తొమ్మిది రోజులూ మా ఆయన సణగడం మానేశారు. ఫోనులో యంత్రం ఒకటి నొక్కమంటే ఒకటి నొక్కారు. ఎన్నాళ్లగానో నేను కోరుకున్న నిశ్శబ్దం అది. వచ్చాక ఇల్లు భయపెట్టింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను చిన్న తలుపు బయట క్యారియర్ పట్టుకుని నిలబడి ఉండగా పెట్టె కూసింది.

ఎవరూ కంగారు పడలేదు. ఒక్కొక్కరే వంగి బయటికొచ్చి, గోడ నీడలో కూర్చున్నారు. ఊక తాత తలలో ఊక దులుపుకుంటూ, "మీ కోడలు మళ్లీ మొదలెట్టింది మేస్త్రి గారూ, వచ్చి ఊరుకోబెట్టండి" అన్నాడు. మా ఆయన లోపలికి వెళ్లారు. నేను చిన్న తలుపులోంచి చూస్తున్నాను. కంప్రెసర్ గది తలుపు జానెడు తెరిచారు. మొహం పెట్టారు. పది లెక్కపెట్టారు. పది అయ్యాక కూడా అలాగే ఉన్నారు. గంధకం పుల్ల వెలిగిస్తే వాసన బయటున్న ఈ పద్నాలుగు మందికీ తెలిసిపోతుంది.

అప్పుడు ఆయన చేసిన పని ఆ ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయలేదు. "ఏరా, నువ్వొకసారి చూడు" అని మా తమ్ముణ్ణి పిలిచారు.

వాడి మొహం వెలిగిపోయింది. బావ ఆ విద్య తనకు అప్పగిస్తున్నాడనుకున్నాడు. బయట ఎవడో, చిన్న మేస్త్రి అని ఈల కూడా వేశాడు. వాడు లోపలికి వెళ్లి, అచ్చం ఆయనలాగే మొహం పెట్టి, కళ్లు మూసి, పది లెక్కపెట్టాడు. వెనక్కి తిరిగి, "ఉంది బావా కొంచెం. అది రోజూ ఉండేదే" అన్నాడు.

మా ఆయన వాడి తల మీదుగా, చిన్న తలుపు అవతల ఉన్న నన్ను చూశారు. ఆయన కళ్లలో ప్రశ్న ఉంది. నా ముక్కుకు ఏదో ఘాటు తగులుతోంది. కానీ అక్కడికి వెళ్లిన ప్రతిరోజూ నాకు ఘాటుగానే ఉండేది, నాకేం తెలుసు? ఇప్పుడు నోరు తెరిచి ఒక్క మాటంటే, ఆ మాట వెనక తొమ్మిది రోజులు బయటికొస్తాయి. అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ చూడటం లేదు.

"భోజనం చల్లారిపోతోంది, రండి" అన్నాను.

ఆయన గోడ దగ్గరికి నడిచి పెట్టె నోరు నొక్కేశారు. ఊక తాత నాలుగో గీత గీసి, వంగి లోపలికి వెళ్లాడు. వాళ్లందరూ ఒకరి వెనక ఒకరు వెళ్లారు. ఆయన బయట షెడ్డులో నా ఎదురుగా కూర్చుని క్యారియర్ మూత తీశారు. నాలుగు ముద్దలు తిన్నారో లేదో, లోపల్నుంచి తుస్సుమని పెద్ద శబ్దం, ఆ తర్వాత అరుపులు.

చిన్న తలుపులోంచి మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. మా ఆయన తువ్వాలు నీళ్లలో ముంచి మొహానికి చుట్టుకుని వాళ్లకు ఎదురుగా లోపలికి దూరారు. ముగ్గుర్ని లాక్కొచ్చారు. మూడోవాడు మా తమ్ముడు. ఊక తాత కోసం నాలుగోసారి వెళ్లబోతే పదిమంది పట్టుకున్నారు. తాతను రెండు గంటల తర్వాత, ఆయన చల్లిన ఊక మీంచే తీశారు.

వానలు పడ్డాయి. విచారణకు వచ్చినవాళ్లు పాత కవాటం, మూసిన పెద్ద తలుపు, ఓనరు నిర్లక్ష్యం అని రాసుకుని వెళ్లారు. మా ఆయన్ని హీరో అన్నారు, ముగ్గుర్ని బతికించాడని. ఆయన ఆ మాట వినపడినప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకునేవారు. తమ్ముడు ఆసుపత్రి నుంచి మా ఇంటికే వచ్చాడు. ఎడమ కన్ను మసక. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గొంతు చీరుకుపోయి, మాట గరగరలాడుతుంది. వాడు ఎవర్నీ నిందించలేదు. "నేనే కదక్కా, రోజూ ఉండేదే అన్నాను. తాతను నేనే చంపాను" అన్నాడు ఒకరోజు. నేను వాడి తల నిమిరాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. నాలుక మీద ఒట్టు ఉంది, దానికింద భయం ఉంది.

ఒకరోజు పొద్దున్న, బయట వాన పడుతుండగా, వాడు మొదటిసారి కాఫీ అడిగాడు. ఎంత సంబరపడ్డానో. చిక్కగా కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"పొడి మార్చావా అక్కా? దీనికి వాసనే లేదు" అన్నాడు. తర్వాత ఆ గరగర గొంతుతోనే కొంచెం నవ్వాడు. "బావ చెప్పింది నిజమే. ఈ కాలం సరుకే ఇంత."

గోడవైపు తిరిగి పడుకున్న మా ఆయన లేచారు. వచ్చి వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నారు, మంచం మీద వాడు, కింద ఈయన.

"పొడి మార్చలేదురా" అన్నారు. "నాకూ రాదు. ఎండాకాలం మొదట్లో ఆ జ్వరం తగ్గినప్పట్నుంచి రాదు. ఆ రోజు నిన్ను పిలిచింది అందుకే."

తమ్ముడు ఆయన మొహంలోకి చూశాడు. పెట్టె కూసినప్పుడు బావ అన్న మూడు అబద్ధాలూ వాడి కళ్లలో ఒక్కొక్కటే తిరిగి రావడం నాకు కనిపించింది. తర్వాత మెల్లగా నావైపు తిరిగాడు, మంచి కన్నుతో.

"నీకు తెలుసా అక్కా?"

కాఫీ చల్లారిపోతోంది, తాగరా అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"తెలుసు" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు, బావ పక్కన కూర్చుంటాడు, పెట్టింది తింటాడు. నా చేతి కాఫీ మాత్రం మళ్లీ ముట్టలేదు.